పరగడుపుకి హిందీ మాట

మా చెల్లెలి రక్తాన్ని నేను మొదటిసారి చూసింది 1971 జూన్‌లో, రాయపూర్‌లో నేను పనిచేసే కళాశాల ప్రయోగశాలలో. రక్తాన్ని గాజు గొట్టంలో పోసి యంత్రంలో గిరగిరా తిప్పితే ఎరుపంతా అడుక్కి దిగి, పైన లేత పసుపు నీరు తేరుతుంది. దాన్ని సీరం అంటాం. చెల్లెలి గొట్టంలో పైకి తేరింది నీరు కాదు, పాలలాంటిది. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీసేసరికి దాని మీద మీగడ కట్టి ఉంది. స్కేలు పెట్టి కొలిచాను. నాలుగు మిల్లీమీటర్లు.

"ఏదీ, నన్నూ సూడనీ అప్పా," అంది చెల్లెలు. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ వంచి చూసింది. "ఓలమ్మో! దీనికి తోడెడితే పెరుగవుద్దేటి?"

నాకు నవ్వు రాలేదు. అలాంటి రక్తం మా నాన్నది అయి ఉంటుందని పదేళ్ళుగా అనుమానిస్తున్నాను. చూడటం మాత్రం అదే మొదలు.

నాన్న రైల్వేలో గూడ్సు గార్డు. 1956లో వాల్తేరు నుంచి బదిలీ మీద రాయపూర్ వచ్చాం. అప్పటికి నాకు పదహారేళ్ళు, చెల్లెలికి ఎనిమిది. నాన్నకి ఏడాదికి ఒకటి రెండుసార్లు కడుపులో నొప్పి లేచేది. మోకాళ్ళు గుండెకి ముడుచుకుని పడుకునేవాడు. అందరూ గేసు అన్నారు, ఆయనా గేసే అన్నాడు. 1961లో నేను నాగపూరులో ఎమ్మెస్సీ మొదటి ఏడాది చదువుతుండగా అలాంటి నొప్పే వచ్చి, మూడో రోజుకి పోయాడు. రైల్వే ఆస్పత్రిలో కాంపౌండరు రక్తం తీసి, సిరంజిలోకి పాలెలా వచ్చాయని నర్సుని తిట్టాడట. సిరంజి మార్చి మళ్ళీ తీశాడట. మళ్ళీ అంతే. ఇది అమ్మ నాకు చెప్పిన సంగతి. ఏమీ అర్థం కాకుండా చెప్పింది, నేనూ అర్థం కాకుండానే విన్నాను.

ఆ తర్వాత గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. కొన్ని కుటుంబాల్లో రక్తంలోని కొవ్వు కరగాల్సినట్టు కరగదు, పేరుకుపోతుంది. అది ఒక హద్దు దాటితే కడుపు వెనకాల ఉండే క్లోమం అనే గ్రంథి వాచి, ఆహారాన్ని అరిగించాల్సిన రసాలతో తనని తానే అరిగించుకోవడం మొదలుపెడుతుంది. తండ్రికి ఉంటే ప్రతి బిడ్డకీ రావడానికి సగం, రాకపోవడానికి సగం అవకాశం. మేమిద్దరం. నా సీరం ఎప్పుడు తీసినా తేటగానే ఉంటుంది. లెక్క సరిగ్గా పంచింది.

చెల్లెలికి 1969లో పెళ్ళయింది. మరిది వేగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరు. కాలనీలో సగం ఇళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళవే, కాబట్టి చెల్లెలికి తెలుగు తప్ప మరో భాషతో పెద్దగా పని పడలేదు. కూరల బండి వాడితో మాట్లాడే హిందీ మాత్రం వచ్చు. 1973లో ఏడో నెల గర్భంతో ఉండగా నొప్పి వచ్చింది. బిడ్డ దక్కలేదు. మళ్ళీ గర్భం వస్తే తల్లి కూడా దక్కదని డాక్టరు మరిదిని పక్కకి పిలిచి చెప్పాడు. మరిది ఆ మాట ఆమెకి ఎలా చెప్పాడో నాకు తెలియదు. ఇంట్లో ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మరిది మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి.

అప్పటి నుంచి ఆమె తిండి నూనె చుక్క లేకుండా సాగింది. ఉడకబెట్టిన కూర, చారు, వెన్న తీసిన మజ్జిగ. కాలనీలో ఎవరింట్లో పెళ్ళయినా వెళ్ళి, విస్తరి దగ్గర కూర్చుని, అన్నంలో చారు పోసుకుని లేచేది. "బూరెలు ఎలగున్నాయే?" అని పక్కావిడని అడిగేది. బాగున్నాయంటే, "నెయ్యి ఎక్కువైనట్టుంది, ఇక్కడికి వాసనొస్తంది" అని వంక పెట్టేది. ఇంత చేసినా కొవ్వు దిగవలసినంత దిగలేదు. అప్పట్లో బజారులో దొరికే మందు ఒకటుండేది. అది ఆమెకి కండరాల నొప్పులు తెచ్చిందే తప్ప సీరంలో పాలు విరగ్గొట్టలేదు.

మా ప్రయోగశాల పని ఆ మందుకి చుట్టాల్ని తయారుచేయడం. బొంబాయి మందుల కంపెనీ ఒకటి రసాయనాలు పంపేది, మేము కొత్త సమ్మేళనాలు చేసి పరీక్షించేవాళ్ళం. మందు అణువులో ఒక కొనని కాస్త పొడుగు చేయడం, మరో కొన నుంచి ఒకటి తీసి ఇంకొకటి తగిలించడం. వినడానికి తేలిక. ఒక్కొక్కదానికి వారాలు పట్టేది. చివర్లో స్ఫటికాలు దిగాక వాటిని కరిగించి చూడాలి. స్వచ్ఛమైనదైతే ఒకే వేడి దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది. రెండు మూడు డిగ్రీలు సాగదీస్తూ కరిగిందంటే అందులో ఇంకేదో కలిసినట్టు. అలాంటివి నేను పారబోసేదాన్ని. "కొంచెమే కదా మేడమ్" అనే విద్యార్థులకి నేనంటే ఇష్టం ఉండేది కాదు.

తయారైన దాన్ని ఎలకలకి ఇచ్చేవాళ్ళం. ముందు సబ్బులాంటి ఒక మందు పొడిచి వాటి రక్తంలో కొవ్వు పెంచి, ఆ పైన మా సమ్మేళనం ఇచ్చి, ఎంత దిగిందో కొలవడం. ముప్పై సమ్మేళనాలు ఏవో కారణాలకి పనికిరాకుండా పోయాయి. కొన్ని కొవ్వుని దించలేదు, కొన్ని దించి ఎలకని చంపాయి. 1975లో చేసిన ముప్పై ఒకటోది దించింది. ఎలకలు బతికాయి, బరువు తగ్గలేదు, పొట్ట కోసి చూస్తే కాలేయం బాగుంది.

దానికి పేరు లేదు, నంబరే. రైల్వే ఇంట పుట్టిన చెల్లెలికి నంబరు వినగానే రైలు గుర్తొచ్చింది. నేను కాలనీకి వెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలోనే అడిగేది.

"ముప్పయ్యొకటి అప్ ఎక్కడిదాకా వచ్చిందప్పా?"

"బొంబాయిలో ఆగింది. కుక్కల మీద చూస్తున్నారు."

"ఎలకలయ్యాయి, కుక్కలయ్యాయి. నా వంతు ఎప్పుడు? సూడు, దాన్ని తిని నాకు తోక మొలిస్తే పూచీ నీదే."

"మొలిస్తే కొలుస్తాను."

"కొలుస్తావు నువ్వు, తెలుసు. సెల్లెలికి తోకొచ్చిందని ఏడవవు, ఎన్ని సెంటీమీటర్లో రాసుకుంటావు."

మనుషుల మీద పరీక్షకి అనుమతి 1978లో వచ్చింది. మా ఊరి ఆస్పత్రిలో కొవ్వు బాగా ఎక్కువున్న ముప్పై మందికి మూడు నెలలు క్యాప్సూల్స్ ఇచ్చి, నెలనెలా రక్తం చూడాలి. కొవ్వుతో పాటు చక్కెర కూడా చూడాలి, ఎందుకంటే ఈ జాతి మందులు ఒకదానిని సరిచేసి ఇంకొకదానిని పాడుచేస్తాయేమోనని కంపెనీ భయం. పరీక్ష నడిపే డాక్టరు గారిది అలహాబాదు. నెమ్మదైన మనిషి, పనిలో నాకంటే పట్టుదల. చెల్లెలిని చేర్చుకోవచ్చా అని నేను అడిగినప్పుడు ఒకరోజు ఆలోచించి, ఆమె నంబర్లు నేను కాకుండా వేరే వాళ్ళు తీయాలనే షరతు మీద ఒప్పుకున్నారు. షరతు న్యాయమైనదే.

ముప్పై మందిలో ఎక్కువమంది రాయపూర్ పక్కనున్న బీర్‌గావ్ నుంచీ ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వచ్చినవాళ్ళు. రైతులు, కూలీలు. పట్నం గుమాస్తాలు కొద్దిమంది. మొదటి రక్తం తీయడానికి అందరినీ ముందురోజు సాయంత్రమే వార్డులో చేర్చుకుని, ఏమీ తిననివ్వకుండా తెల్లవారి తీశాం. రక్తంలో కొవ్వు కొలవాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. తింటే అది పెరుగుతుంది, చక్కెరా పెరుగుతుంది. కానీ ప్రతి నెలా ముప్పై మంచాలు ఇవ్వడం ఆస్పత్రికి కుదరదు. మిగతా నెలల్లో ఇంటి నుంచే పరగడుపున రమ్మని చీటీ ఇవ్వాలి. ఆ చీటీలో ఏ మాట రాయాలన్న దాని మీద డాక్టరు గారూ నేనూ ఒక పూటంతా కూర్చున్నాం.

"ఖాలీ పేట్ అని రాద్దామా?" అన్నాను. ఖాళీ కడుపు అని.

"లాభం లేదు బెహన్‌జీ. చాయ్ తాగి, రెండు బిస్కెట్లు తిని వచ్చి ఖాలీ పేటే కదా అంటారు. ఈ దేశంలో చాయ్‌ని ఎవడూ తిండిలో లెక్కెయ్యడు."

"పోనీ, ఉపవాసం?"

"అది ఇంకా అన్యాయం. ఉపవాసం అనగానే ఆడవాళ్ళు సగ్గుబియ్యం కిచిడీకి నెయ్యి కాచుతారు." ఆయన నవ్వి, కలం మూత తీశారు. "మా అమ్మ మమ్మల్ని వైద్యుడి దగ్గరికి పంపేటప్పుడు ఒకటే మాట చెప్పేది. బాసీ ముహ్. నిద్ర లేచిన నోటితోనే వెళ్ళాలి. అలా వెళ్ళేవాడు మంచినీళ్ళు కూడా ముట్టడు."

బాసీ అంటే రాత్రిది, నిలవది. బాసీ ముహ్ అంటే ఇంకా ఏదీ తగలని పొద్దుటి నోరు. మన పరగడుపుకి అంత దగ్గరగా వచ్చే హిందీ మాట నాకు మరొకటి తెలియదు. ఆయన "బాసీ ముహ్ ఆయేఁ", అంటే ఆ నోటితోనే రండి, అని రాశారు, ముప్పై చీటీలూ అలాగే అచ్చయ్యాయి. చెల్లెలికి ఆ చీటీతో పని లేదు. పరగడుపున రా అని నేనే నోటితో చెప్పాను. ఆమె బస్సులో వచ్చేటప్పుడు ఉమ్మి కూడా మింగలేదని చెప్పి నవ్వించేది.

మొదటి నెల తర్వాత ఆమె సీరం మసక నీళ్ళలా ఉంది. రెండో నెలకి గొట్టం వెనక పెట్టిన అచ్చు అక్షరాలు కనిపించాయి. మూడో నెలకి చదవగలిగాను. నంబర్లు వేరేవాళ్ళు తీశారు, కొవ్వు మొదటి దాంట్లో మూడో వంతుకి దిగింది. ఆ మూడు నెలల్లో నొప్పి రాలేదు. కొవ్వు ఎక్కువై మోచేతుల మీద పసుపుపచ్చగా పొక్కిన చిన్న గుల్లలు అణిగి మాయమయ్యాయి. మరిది ఒకరోజు నేను వెళ్ళినప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని మోచెయ్యి నా వైపు తిప్పి చూపించాడు.

"ఊరుకోండి, వదినగారి ముందు సెయ్యట్టుకుని నిలబడ్డారు," అంది చెల్లెలు, చెయ్యి లాక్కోకుండా.

అందరి నంబర్లూ కలిపి సగటు కట్టింది నేనే. మిగతావాళ్ళలో కొవ్వు దిగలేదు, పైగా కొంచెం పెరిగింది. దానికంటే ఘోరం, చక్కెర పెరిగింది. మందు మొదలెట్టక ముందు మామూలుగా ఉన్నవాళ్ళకి మూడు నెలల్లోనూ పెరిగే ఉంది. రెండుసార్లు మళ్ళీ కట్టాను. కూడికలో తప్పు లేదు. లెక్కలు బొంబాయి పంపాం. వారం తిరక్కుండా టెలిగ్రాం వచ్చింది, మందు ఆపమని, మిగిలిన క్యాప్సూల్స్ అన్నీ వెనక్కి పంపమని. వెనకే ఉత్తరం. చెల్లెలి నంబర్ల గురించి అందులో ఒకటే వాక్యం ఉంది. ఒక్కరి ఫలితం మీద ఏదీ తేల్చలేము, పైగా ఆమె పరీక్షకుల బంధువు కాబట్టి లెక్కలోంచి తీసెయ్యడం ఉచితం. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే రాసి ఉండేదాన్ని.

డబ్బా నేనే కట్టించాను. చక్కెర పెంచే మందుని ఆమె ఒంట్లో ఉంచడం నాకు ఇష్టం లేదు. ఈ మాట ఆ రోజుకి నిజం.

"ముప్పయ్యొకటి కేన్సిలా?" అంది చెల్లెలు.

"కేన్సిల్. నీకు చక్కెర రోగం కూడా ఎందుకు?"

"నా సెక్కెర పెరగలేదు కదా అప్పా."

"మిగతావాళ్ళకి పెరిగింది."

ఆమె ఇంక వాదించలేదు. నా మాట మీద ఆమెకి చిన్నప్పటి నుంచీ అంత గురి.

మందు ఆపినవాళ్ళందరినీ చివరిసారి చూసి పంపడానికి 1979 మార్చిలో పిలిచాం. బీర్‌గావ్ నుంచి వచ్చే ఒకావిడ, యాభై దగ్గర వయసు, వరి నాట్లకి వెళ్ళే మనిషి, చాలా ఆలస్యంగా, రొప్పుతూ వచ్చింది. డాక్టరు గారు అప్పటికి వార్డుకి వెళ్ళిపోయారు. రక్తం తీసే అబ్బాయి సామాను సర్దేశాడు.

"ఇంత ఆలస్యమైతే ఎలాగమ్మా?" అన్నాను.

"ఏం చెయ్యను బాయీ," అంది తన ఛత్తీస్‌గఢీలో. "రాత్రి అన్నమంతా కోడలు పిల్లలకి ఊడ్చిపెట్టేసింది. పొద్దున చూస్తే బాసీ లేదు. పక్కింట్లో అడుక్కొచ్చి తినేసరికి ఇంత పొద్దెక్కింది."

"బాసీ తిని వచ్చావా?"

"హవ్! తినకుండా ఎలా వస్తాను? మీరే కదా రాసిచ్చారు!" కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పడిన చీటీ తీసి నా ముందు పెట్టింది. "మా కిరాణా కొట్టాయన చదివి చెప్పాడు. బాసీ తిన్న నోటితోటే రావాలట. తిన్నాక నోరు కడుక్కోను కూడా లేదు, చూడు." ఆవిడ నోరు తెరిచి చూపించింది. ఉల్లిపాయ వాసన వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ వైపు బాసీ అంటే చద్దన్నం. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయ, మజ్జిగ వేసుకుని కడుపు నిండా తింటారు. పల్లెల్లో తెల్లవారి మొదటి తిండి అదే. అలహాబాదు తల్లికి ఆ మాట ఖాళీ నోరు. ఈవిడకి నిండు కంచం.

"ప్రతిసారీ తిన్నావా?"

"మొదటిసారి తప్ప. మొదటిసారి మీ ఆస్పత్రిలో పడుకోబెట్టి ఆకలికి మాడ్చారు కదా. ఆ తర్వాత నయం, మంచి డాక్టరు, తిని రమ్మన్నాడు అనుకున్నాం. మా ఊళ్ళో అందరం తినే వచ్చాం."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆవిడ నా ముఖం చూసి భయపడింది. "ఏం బాయీ, తక్కువ తిన్నానా?" అంది.

కాదన్నాను. తప్పేమీ చేయలేదన్నాను. అది నిజమే, ముప్పై మందిలో చీటీని ఆవిడంత నిష్ఠగా పాటించినవాళ్ళు లేరు.

ఆ నెలంతా బస్సులెక్కి ఊళ్ళు తిరిగి అందర్నీ అడిగాను. తర్వాత కాగితాలని రెండు దొంతులు చేశాను. తిని వచ్చినవాళ్ళు ఒక పక్క, తినకుండా వచ్చినవాళ్ళు ఒక పక్క. మొదటి రక్తం ఆకలి కడుపుది, తర్వాతివన్నీ నిండు కడుపువి అయినప్పుడు చక్కెర పెరగక ఏం చేస్తుంది? తినకుండా వచ్చిన కొద్దిమంది గుమాస్తాల్లో చక్కెర కదల్లేదు, కొవ్వు దిగింది. అందర్నీ కలిపి కట్టిన సగటులో వాళ్ళు మునిగిపోయారు. చెల్లెలిని అయితే కంపెనీ లెక్కలోంచే తీసేసింది.

డాక్టరు గారు రెండు దొంతులనీ ఒక్కొక్క కాగితమే తిరగేసి చూశారు. "ఖాలీ పేట్ అని మీరన్నారు," అన్నారు చివరికి. బొంబాయికి ఇద్దరం కలిసి రాశాం. వాళ్ళు మర్యాదగానే జవాబిచ్చారు. పొరపాటు అర్థమైంది, కానీ పాత నంబర్లను తర్వాత విడదీసి చూడటం రుజువు కాదు, పరీక్ష మళ్ళీ మొదటి నుంచి చేయాలి, అది వచ్చే ఏడాది ఖర్చులో చూస్తాం. ఈలోగా మందు ఎవరికీ ఇవ్వరాదు.

నేను డాక్టరు గారిని అడిగాను. "నా చెల్లెలికి?"

"అడుగుదాం బెహన్‌జీ. ఒక్క రోగికి ప్రత్యేక అనుమతి కోసం ఢిల్లీకి రాద్దాం. అది వచ్చేదాకా నేను ఇవ్వలేను, మీరూ ఇవ్వలేరు."

రాశాం. 1979 జులైలో ఒకసారి, డిసెంబరులో గుర్తు చేస్తూ ఇంకోసారి, మళ్ళీ ఏప్రిల్‌లో. అనుమతి రాలేదు, కుదరదనీ రాలేదు. ముప్పై ఒకటోది తయారుచేయడానికి కావలసిన సరుకు నా అలమారులో ఒక సీసా ఉంది. చెల్లెలికి ఏమీ దాచలేదు, ఇదీ చెప్పాను.

"నువ్వు సెయ్యగలవు కదప్పా?"

"చేయగలను."

"మరి?"

"అనుమతి రావాలి. ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్ళు ఇవ్వొచ్చో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు. నీ మీద నేను ప్రయోగం చేయను."

"అనుమతి లేకుండా నీకు నిద్రయినా పడుద్దేటి," అంది. ఎగతాళిగానే అంది. తర్వాత పళ్ళెంలో బియ్యం చెరుగుతూ, "వస్తాది లే, లేటుగా నడిసే బండి రాదనేటి?" అంది.

అప్పటికి మోచేతుల మీద గుల్లలు మళ్ళీ లేచాయి. ఆమె చీర కొంగు భుజం మీదుగా తిప్పి కప్పుకుని తిరిగేది. మరిదికి కనపడకుండా అని నాకు అర్థమైంది. ఆయనకి కనపడకుండా ఏముంటుంది?

1980 సెప్టెంబరులో, వానలు వెనకబట్టే రోజుల్లో, ఆమెకి నొప్పి వచ్చింది. ఏమైనా తిన్నదా అని ఆస్పత్రిలో డాక్టర్లు అడిగారు. ఏమీ తినలేదు. చారన్నం, ఉడికిన పొట్లకాయ. అంతకు ముందు నాలుగు రోజులు జ్వరం ఉంది, అంతే. సిరంజిలోకి వచ్చిన రక్తం ఎర్రగా లేదు, పాలు కలిపిన గులాబీ నీళ్ళలా ఉంది. నేను అక్కడే ఉన్నాను. ఎవరూ నర్సుని తిట్టలేదు, ఈసారి అందరికీ అదేమిటో తెలుసు. తెలిసి చేయగలిగింది కూడా పెద్దగా లేదు. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కించారు.

రెండో రోజు కాస్త తెలివి వచ్చినప్పుడు నన్ను దగ్గరికి రమ్మంది. "పరగడుపునే ఉన్నానప్పా," అంది. "రెండ్రోజుల్నుంచి. ఇప్పుడు తీసుకో రక్తం, నంబరు బాగా వస్తాది."

నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది. ముప్పై రెండేళ్ళు. కాలనీ తెలుగువాళ్ళు పదిమంది వచ్చి అన్నీ దగ్గరుండి చేశారు. మరిది చేయాల్సినవి చేశాడు. నేను అలమారు తాళంచెవి సంచిలోనే పెట్టుకుని అంతసేపూ నిలబడ్డాను. అది అక్కడ ఎందుకుందో నాకే తెలియదు, ప్రయోగశాల నుంచి సరాసరి వచ్చాను.

కంపెనీ 1982లో పరీక్ష మళ్ళీ పెట్టింది. ఈసారి చీటీ లేదు. రాత్రి అన్నం తిన్నాక రక్తం తీసేదాకా నీళ్ళు తప్ప ఏదీ నోట్లో వేయకూడదని, చాయ్ కూడా, బాసీ కూడా, పేరుపేరునా నేనే ఒక్కొక్కరికీ చెప్పాను. బీర్‌గావ్ ఆవిడ మళ్ళీ వచ్చింది. "ఈసారి తిననివ్వవా?" అని నొచ్చుకుంది. "మీ చెల్లెలు బాగుందా? పక్క బెంచీ మీద కూర్చునేది, నా చెవి పోగులు బాగున్నాయనేది" అని అడిగింది. చెప్పాను. ఆవిడ నా చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. వరసలో వెనకున్నవాళ్ళు తొందరపెడితే గానీ లేవలేదు.

మందు పనిచేసింది. కొవ్వు దిగింది, చక్కెర పెరగలేదు. నివేదిక రాశాం, అచ్చయింది. ముప్పై ఒకటోది మందుల షాపుల్లోకి మాత్రం రాలేదు. అప్పటికి అదే పని చేసే మరో మందు బయటి నుంచి వచ్చేసింది, దీని మీద ఇంకా ఖర్చు దండగని కంపెనీ వదిలేసింది. అది కూడా లెక్క ప్రకారం సరైన నిర్ణయమే.

ఆ ఏడాది చివర్లో ఒక ఆదివారం మరిది మా ఇంటికి వచ్చాడు. చెల్లెలు పోయాక కూడా నెలకోసారి వచ్చి, కుళాయో స్విచ్చో ఏదో ఒకటి బాగుచేసి, టీ తాగి వెళ్ళేవాడు. ఆ రోజు బాగుచేయడానికి ఏమీ లేదు. టీ కప్పు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఆ మందు పనిసేసిందంట కదా వదినా?"

"చేసింది."

"సెక్కెర పెరగలేదా?"

"పెరగలేదు."

బయట రిక్షా వాడెవడో బేరం ఆడుతున్నాడు. ఆ బేరం తేలేదాకా ఆగాడు.

"మరైతే మానకుండా దానికిచ్చి ఉంటే బతికుండునా?"

ఆయన నన్ను తప్పు పట్టడానికి అడగలేదు. ఆయనకి తెలుసుకోవాలని ఉంది. కాబట్టి ఎవరడిగినా చెప్పేదే ఆయనకీ చెప్పాను. ముప్పై మందిని చూసి ఈ మందు కొవ్వు దించుతుందని చెప్పగలను. ఆ కొవ్వు దిగితే నొప్పి రావడం తగ్గుతుందనీ చెప్పగలను. కానీ ఫలానా మనిషికి ఫలానా రోజు నొప్పి రాకుండా ఉండేదా అంటే చెప్పలేను, ఆమెకి జ్వరం కూడా ఉంది. "ఒక్క మనిషి మీద లెక్క కట్టలేం," అన్నాను.

మరిది తల ఊపాడు. అర్థమైనట్టే ఊపాడు.

"నాకు ఒక్కర్తే కదా వదినా," అన్నాడు.

టీ తాగేసి, కప్పు తనే కడిగి బోర్లించి, చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, వచ్చే నెల నీళ్ళ మోటారు బేరింగు మార్చాలని గుర్తుచేశాడు. సరేనన్నాను. ఆయన సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. పిలిచి ఇంకేమైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి నిజమైనది ఇంకేదీ నా దగ్గర లేదు.